ముందు విందాం, తర్వాత జవాబిద్దాం



నేను గురువునైన కొత్తలో ఒక కళాశాల విద్యార్థి పూజ తర్వాత గుడి మెట్లమీద నన్ను ఆపి, "ఫాదర్, దేవుడు మంచివాడైతే మా చెల్లెలు ఎందుకు చనిపోయింది?" అని అడిగాడు. "అలాంటి ప్రశ్నలు వేయకూడదు. ప్రార్థన చేసుకో" అని పంపేశాను. అతను మళ్లీ గుడికి రాలేదు. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివి కూడా అక్కడి ముఖ్యమైన పాఠాన్నే నేను మరచిపోయాను.

ఆ పాఠం పునీత తోమాసు అక్వినాసు గారిది. 13వ శతాబ్దంలో ఆయన పారిస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. అక్కడ ఆగమన కాలంలోనూ, తపస్సు కాలంలోనూ బహిరంగ చర్చలు జరిగేవి. సభలో ఎవరైనా, ఏ విషయం గురించైనా ప్రశ్నించవచ్చు. ఆచార్యులు జవాబు చెప్పేవారు.

ఆయన వ్రాసిన 'సుమ్మా థియోలాజికా' గ్రంథంలోనూ ఇదే పద్ధతి. "దేవుడు ఉన్నాడా?" అన్న ప్రశ్నకు ఆయన వెంటనే "ఉన్నాడు" అనలేదు. లేడనేవారి వాదాలు రెండింటిని ముందు వ్రాశారు. అనంతమైన మంచితనం గల దేవుడే ఉంటే చెడు ఎలా ఉంటుంది? ఇది మొదటిది. ప్రకృతితోను, మానవ బుద్ధితోను అన్నింటినీ వివరించవచ్చు, ఇక దేవుడెందుకు? ఇది రెండవది. వాటిని ఆయన ఎగతాళి చేయలేదు, వంకరగా చెప్పలేదు. ఆ తర్వాతే తన ఐదు మార్గాలను చూపి, చివర ఆ రెండు వాదాలకూ విడివిడిగా జవాబిచ్చారు. ముస్లిం పండితుడు అవిసెన్నా, యూదు పండితుడు మైమొనిడెస్ చెప్పినవాటిని కూడా శ్రద్ధగా పరిశీలించారు. ఏకీభవించని చోట కారణం చూపి కాదన్నారు.

ఆ విద్యార్థి నన్ను అడిగింది ఆ మొదటి ప్రశ్నే! పునీతుడు తన గ్రంథంలో చోటిచ్చిన ప్రశ్నకు నేను గుడి మెట్లమీద చోటివ్వలేకపోయాను.

వినడమంటే ఒప్పుకోవడం కాదు. తోమాసు గారు తన విశ్వాసంలో రవ్వంత కూడా తగ్గించుకోలేదు. సత్యం దేవునిదని నమ్మినవానికి ప్రశ్న అంటే భయం ఉండదు. పన్నెండేళ్ల బాలయేసు కూడా దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వారి మాటలు ఆలకించాడు, వారిని ప్రశ్నించాడు (లూకా 2:46).

తల్లిదండ్రులారా, మీ బిడ్డ "గుడికి ఎందుకు రావాలి?" అంటే కసరకండి. ఎన్నికలప్పుడు పొరుగువాడు వేరే పార్టీ అన్నాడని పలకరింపు మానకండి. ఈ వారం ఒక్కసారైనా, ఎదుటివారి మాటను మన నోటితో తిరిగి చెప్పి, "అవును, నేనన్నది అదే" అని వారు ఒప్పుకున్నాకే మన జవాబు చెబుదాం.

ఆ యువకుడి కోసం నేను నేటికీ ప్రార్థిస్తున్నాను. మీరూ ప్రార్థించండి. ఆమెన్.