విద్యార్థి కాయకము



గడచిన శ్రావణమాసమున ఒక భక్తుడు సతీసమేతముగా మఠమునకు వచ్చెను. ఇంటిల్లిపాది లింగధారులు; పూజ తప్పిన దినమెరుగని కుటుంబము. వారి కుమారుడు అమెరికాలో ఒక విశ్వవిద్యాలయమున ఎం.ఎస్. చదువుచున్నాడు. పాదపూజ ముగిసిన పిమ్మట ఆ తండ్రి తన సెల్‌ఫోను తెరచి నాకొక ఫొటో చూపించెను. నడుమునకు ఆప్రాను కట్టుకొని, చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని, ఒక పెద్ద భోజనశాలలో పళ్ళెముల దొంతరల ముందు ఆ బాలుడు నవ్వుచు నిలిచియున్నాడు.

"స్వామీ, ఐదెకరముల మాగాణి బ్యాంకులో కుదువబెట్టి వీనిని పంపితిని. ఎంగిలి పళ్ళెములు కడుగుటకా?" అనునప్పటికి ఆయన కంఠము గద్గదమాయెను. తల్లి మాటాడలేదు, కొంగుతో కన్నులు ఒత్తుకొనెను.

నేను వెంటనే బదులు చెప్పలేదు. ఆ ఫొటోను మరల అడిగి చూచితిని. బాలుని నొసట విభూతి యున్నది. ఆ దంపతులకు నాడు చెప్పినదియు, చెప్ప మరచినదియు నేడు మీ యందరి ముందుంచుచున్నాను.

కల్యాణమున బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భండారి. రాజ్యపు బొక్కసము ఆయన చేతిలో నుండెను. అట్టివాడు తన చెంత కూర్చుండబెట్టుకొన్నది ఎవరిని? బట్టలుతికిన మడివాళ మాచయ్యను, త్రాళ్ళు పేనిన నులియ చందయ్యను, పడవ నడపిన అంబిగర చౌడయ్యను, చెప్పులు కుట్టిన హరళయ్యను. పని మానుకొని రండని వారిని పిలువలేదు. పని చేయు చేతులతోనే రమ్మనెను. ఈ కథలు మనము ఏటేట వినుచునే యున్నాము. తన కొడుకు చేతికి సబ్బు నురుగు అంటినపుడు మాత్రము మరచిపోవుచున్నాము. ఎంగిలి యని రోయుచున్నామే, ఇంట జంగమార్చన జరిగిన దినమున ఆ పళ్ళెములు ఎవరు కడుగుచున్నారు? ఆ తల్లియే. ఆమె కడిగిన రాని అవమానము కొడుకు కడిగిన వచ్చినదేల? ఈ ప్రశ్న అడిగినంతనే ఆమె తల యెత్తి భర్తవైపు చూచెను. ఆయన నేల చూచెను.

బీద విద్యార్థికి ఉచితముగా డబ్బిచ్చి పంపక, పని యిచ్చి జీతమిచ్చు పద్ధతి ఆ దేశమున ఎట్లు చట్టమైనదో తెలిసికొనదగినది. 1935లో ఆర్థిక మాంద్యమున జనులు క్రుంగియుండగా రూజ్వెల్టు ప్రభుత్వము జాతీయ యువజన సంస్థ నొకదానిని నెలకొల్పి, విద్యార్థులు చదువు మానకుండునట్లు వారికి చిన్న చిన్న పనులు కల్పించెను. టెక్సాసు రాష్ట్రమున ఆ సంస్థను నడపిన యువకుడు లిండన్ జాన్సన్. ఆయనయు అట్లే చదివినవాడు. శాన్ మార్కోసులోని ఉపాధ్యాయ కళాశాలలో చెత్త యెత్తెను, చీపురు పట్టెను. డబ్బు చాలక నడుమ ఒక యేడు చదువాపి, కొటుల్లా యను ఊరిలో మెక్సికన్ కూలీల పిల్లలకు పాఠములు చెప్పెను. అతడే దేశాధ్యక్షుడై 1964లో ఆర్థికావకాశముల చట్టముపై సంతకము చేసెను. కళాశాల విద్యార్థులకు వర్క్-స్టడీ పథకము అందుండి పుట్టినది. మరుసటి యేడు అది ఉన్నత విద్యా చట్టమున చేరినది. ఆ చట్టముపై 1965 నవంబరు 8న సంతకము చేయుటకై జాన్సన్ తాను ఊడ్చిన ఆ కళాశాలకే వచ్చెను. చేసిన పనిని దాచుకొనువాడు చేయు పని కాదది.

ఆ పథకము నడచు తీరు ఇట్టిది. విద్యార్థి తన కుటుంబపు రాబడిని తెలిపి దరఖాస్తు చేయును. కళాశాలవారు అవసరమును లెక్కించి, ఈ సంవత్సరము నీవు ఇంతవరకు సంపాదించుకొనవచ్చునని ఒక మొత్తము నిర్ణయింతురు. పిమ్మట గ్రంథాలయముననో, ప్రయోగశాలలోనో, కార్యాలయముననో, భోజనశాలలోనో తరగతులకు అడ్డురాని వేళలలో పని. జీతము గంటల లెక్క. దేశపు కనీస వేతనమునకు తగ్గరాదు. ఆ కనీసము 2009 నుండి గంటకు 7.25 డాలర్లు, పలు రాష్ట్రములలో అంతకంటె హెచ్చు. సాధారణముగా ఆ జీతమున ముప్పాతిక భాగము వరకు కేంద్ర ప్రభుత్వము భరించును, తక్కినది కళాశాల చెల్లించును. నెలకొకసారియైనను విద్యార్థికి డబ్బు ముట్టవలెను. ఈ సంపాదన చూపి మరుసటి యేటి సాయమును కోసివేయరు. ఇందులో నాకు మిక్కిలి నచ్చిన నియమము వేరొకటి కలదు. విద్యార్థి తక్కువకు దొరకుచున్నాడని అదివరకు ఆ పని చేయుచున్న కూలివానిని తొలగింపరాదు. ఒకరి పొట్ట కొట్టి మరియొకరి చదువు సాగింపవద్దని దాని భావము. కళాశాలకు వచ్చిన సొమ్ములో నూటికి ఏడు వంతులు సమాజసేవా కార్యములకు వినియోగింపవలెనన్న నియమమును ఉన్నది. పసిపిల్లలకు చదువుట నేర్పు పని అందు ముఖ్యము. పూజా మందిరములను కట్టుటకు గాని నిర్వహించుటకు గాని ఈ సొమ్ము వాడరాదట. మఠాధిపతులమైన మేము కొంచెము ముఖము చిట్లించుకొందుము గాని, ప్రజల పన్ను ప్రజలందరిదే గదా.

ఈ పథకము ఆ దేశ పౌరులకును, అక్కడ స్థిరనివాసపు హక్కు గలవారు మొదలగువారికిని మాత్రమే. విద్యార్థి వీసాపై వెళ్ళిన మన పిల్లలకు ఇది వర్తింపదు. అయినను విశ్వవిద్యాలయపు ఆవరణలో, తరగతులు జరుగు కాలమున వారమునకు 20 గంటల వరకు పని చేయుటకు వారికి చట్టమే అనుమతి యిచ్చుచున్నది. సెలవులలో ఇంకను హెచ్చుగా చేయవచ్చును. పథకపు విద్యార్థియు, మన విద్యార్థియు ఒకే భోజనశాలలో ప్రక్కప్రక్కన నిలిచి పళ్ళెములు కడుగుచుందురు. అక్కడి ధనికుల బిడ్డలును కొందరు వారిలో నుందురు. కెంటకీ రాష్ట్రమున బెరియా యను కళాశాల కలదు, 1855లో స్థాపితము. అక్కడ బోధన రుసుము లేదు, కాని ప్రతి విద్యార్థియు వారమునకు పది గంటలకు తక్కువ గాకుండ పని చేసి తీరవలెను. పని చేయనివాడు అక్కడ లేనందున, పని చేయువానిని వింతగా చూచువాడును లేడు.

ఇంతవరకు విని ఆ తండ్రి తేరుకొనెను. "గంటకు ఎంత ముట్టును స్వామీ?" అని అడిగెను. ఫోనులోనే డాలర్లను రూపాయలుగా గుణించి చూచుకొనెను. ఆయన ముఖము వికసించెను. "అట్లయిన వారమునకు నలుబది గంటలు చేయవచ్చును గదా! బయట పెట్రోలు బంకులలో, హోటళ్ళలో నగదు చేతికిత్తురట. వీని స్నేహితులు కొందరు చేయుచున్నారట. బ్యాంకు వాయిదాలు గడచిపోవును."

నాకు నవ్వు వచ్చెను, దుఃఖమును కలిగెను. గడియ క్రితము ఎంగిలి యని యేడ్చిన మనిషి ఇప్పుడు కొడుకును రేయింబవళ్ళు కడుగుమనుచున్నాడు! అవమానమును ఆశయు ఒకే గడపలో కాపురముండునవి. ఆయనను తప్పుపట్టుట సులభము. కాని ఐదెకరములు కుదువబెట్టినవాని రాత్రులు మనకేమి తెలియును?

అప్పుడు ఆయనకు ఆయ్దక్కి మారయ్య కథ చెప్పితిని. కన్నడమున అక్కి యనగా బియ్యము. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరుట మారయ్య కాయకము గనుక ఆ పేరు వచ్చినది. ఏరిన గింజలను భార్య లక్కమ్మకు తెచ్చి యిచ్చును, ఆమె వండును, శరణులకు పెట్టి తాము భుజింతురు. ఒకనాడు ముంగిట గింజలు ఎక్కువగా రాలియుండెను. మారయ్య అన్నియు ఏరి మూటగట్టి తెచ్చెను. లక్కమ్మ మూట విప్పి చూచి సంతోషింపలేదు. ఈనాడు మన పాలు ఇంత ఎట్లాయెను, ఇది కాయకమా, ఆశయా యని నిలదీసెను. మిగులును తీసికొనిపోయి ఎక్కడ ఏరితివో అక్కడనే పోసి రమ్మనెను. మారయ్య మారుమాటాడక వెళ్ళి పోసి వచ్చెను. బీదరాలు, మరునాటికి గింజ నిలువ లేనిది, ఆ మాట అనగలిగినది!

కాయకమునకు హద్దు కలదని కనిపెట్టినది ఆ తల్లి. వర్క్-స్టడీ పథకమున సైతము నిర్ణయించిన మొత్తము సంపాదించుట ముగిసిన నాటితో ఆ పథకపు జీతము ఆగును. ఏలయన విద్యార్థికి చదువే ప్రధాన కాయకము. పళ్ళెములు కడుగుట దానికి తోడు వచ్చిన కాయకము. తోడు వచ్చినది పెరిగి అసలుదానిని మ్రింగినచో ఆ బాలుడు రెంటికిని చెడును. మన పిల్లల విషయమున అపాయము ఇంకను పెద్దది. అనుమతి లేక ఆవరణ వెలుపల నగదుకు పని చేసినవాడు పట్టుబడినచో వీసా హక్కును కోల్పోవును. చదువు సగములో ఆపి తిరిగి రావలసివచ్చును. మాగాణి బ్యాంకులోనే యుండును, పట్టా రాదు. ఆ నగదును లక్కమ్మ చూచినచో ఎక్కడ పోసి రమ్మనునో మీరే యోచింపుడు.

దూరదేశపు మాట యేల, మన పొరుగున మహారాష్ట్రమున కర్మవీర భావురావు పాటిల్ గారు ఈ మార్గమును మనకంటె ముందే త్రొక్కిరి. 1919లో రయత్ శిక్షణ సంస్థను స్థాపించి, 1924లో సతారాలో వసతిగృహము తెరచి, అన్ని కులముల బాలురను ఒక్క పంక్తిని కూర్చుండబెట్టిరి. బాలుర తిండికి ధాన్యము లేనపుడు ఆయన భార్య లక్ష్మీబాయి గారు తమ నగలమ్మి పెట్టిరి. 1947లో అక్కడ నెలకొన్న ఛత్రపతి శివాజీ కళాశాలలో విద్యార్థులు పని చేసి చదువుకొనిరి. నేటికిని పుణె విశ్వవిద్యాలయమున, సంపాదించుకొనుచు చదువు పథకము ఆయన పేరనే నడచుచున్నది.

ఇక మఠముల మాట. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వాములవారు (1907–2019) వేలాది బాలురకు అన్నమును విద్యను ప్రసాదించిన దాసోహము లోకవిదితము. దానికి వంక పెట్టు నోరు నాకు లేదు. పసివారికి దాసోహమే తగినది. వారిచేత పని చేయింపరాదు. అయితే డిగ్రీ, పీజీ చదువు యువకుని సంగతి వేరు. నా విద్యార్థి దశలో నేను ఒక ఉచిత వసతిగృహమున నుంటిని. దాత వచ్చిన దినమున మమ్ము వరుసగా నిలువబెట్టి, ఒక్కొక్కరి పేరును, తండ్రి బీదరికమును బిగ్గరగా చదివి వినిపించెడివారు. అన్నము రుచిగానే యుండెడిది. నేను తల వంచి తినెడివాడను. ఆనాడు ఆ గ్రంథాలయపు పుస్తకములు సర్దు పని యెవరైన నాకిచ్చి, నెలకు పది రూపాయలు చేతిలో పెట్టియుండినచో తల యెత్తి తినియుందును.

కావున మా మఠమున ఈ సంవత్సరమునుండి ఒక ఏర్పాటు చేయనెంచితిమి. వసతిగృహమున నుండు పెద్ద విద్యార్థులలో కోరినవారికి గ్రంథాలయపు పట్టీ వ్రాయుట, లెక్కలు చూచుట, సాయంకాలము వాడలోని పిల్లలకు చదువు చెప్పుట వంటి పనులు అప్పగింతుము. దినమునకు రెండు గంటలు మించదు. పరీక్షల నెలలో పని లేదు. జీతము వారి చేతికే ముట్టును. అన్నమునకు గాని వసతికి గాని దానిని తగ్గింపము. వంటవారిని, ఊడ్చువారిని మానిపింపము. దాతలు వచ్చినపుడు ఎవరి బీదరికమును చదువము. ధనికుని బిడ్డ యడిగినను పని యిత్తుము. తక్కిన మఠములవారు దీనిలోని లోపములు తెలిపినచో దిద్దుకొందుము.

నాడు సాయంకాలము ఆ దంపతులు మఠమునుండియే కొడుకుతో ఫోనున మాటాడిరి. అక్కడ అప్పుడే తెల్లవారుచున్నదట. వారమునకు ఎన్ని గంటలని తండ్రి యడిగెను. పదునైదు, పరీక్షల ముందు పది యని బాలుడు చెప్పెను. "బ్యాంకు సంగతి నేను చూచుకొందును. గంటలు పెంచకుము, బయటికి పోకుము" అని తండ్రి యనెను. పిమ్మట తల్లి ఫోను తీసికొని, ఆ సబ్బునీళ్ళకు చేతులు పగులుచున్నవా నాయనా, రాత్రి కొంచెము కొబ్బరినూనె రాచుకొనుచున్నావా యని యడిగెను.