జీవో లేని సెన్సారు

పత్రిక నోరు మూస్తే ప్రజల నోరు మూసినట్టేనని పెద్దలంటరు. ఒప్పుకుంట. కానీ ఆ నోట ఎన్నడూ మన మాట రాకపోతే, అది మూతబడ్డనాడు మనమెందుకు ఏడ్వాలె? ఈ ప్రశ్న అడిగింది నేను కాదు, మా చిన్నవ్వ.

2014 జూన్‌ల తెలంగాణ వచ్చి పక్షం రోజులైందో లేదో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి కేబుల్ల బందయినయి. కొత్త ఎమ్మెల్యేలను ఎక్కిరిస్తూ టీవీ9 ఏదో ప్రోగ్రాం వేసిందని కోపం. బందు పెట్టింది మేం కాదు, కేబులోళ్లు అన్నది సర్కారు. జీవో లేదు, సంతకం లేదు, అడుగుదామంటే ఆఫీసు లేదు. కొత్తవాడల జంపఖానాలు నేసే మగ్గాల నడుమ కిరాయికుండెటోళ్లం మేము. మగ్గమూ మాది కాదు, ఇల్లూ మాది కాదు. ఉన్నది ఒక టీవీ. దాని మీద ఖాళీ తెర చూసి నేను గులుగుతుంటే చిన్నవ్వ అన్నది: "అండ్ల మన బొమ్మ ఎన్నడన్న వచ్చిందార కొడుకా, పోయిందని ఏడ్వనీకి?"

ఆ మాటకు జవాబు చెప్పుడు అల్కటి పని కాదు.

ఎందుకంటే సర్కారు సెన్సారు కన్న ముందు మేము చూసింది ఇంకో సెన్సారు. 1920ల అంబేడ్కర్ 'మూక్‌నాయక్' పెడుతున్నడంటే, పైసలిస్తమన్నా 'కేసరి' పత్రిక ప్రకటన వేసుకోలేదు. 1936ల లాహోరు సంఘం తానే పిలిచిన ఉపన్యాసాన్ని రాత చూసి రద్దు చేసుకున్నది. ఆయన సొంత ఖర్చుతో అచ్చేసుకున్నడు, అదే 'కులనిర్మూలన'. ఢిల్లీల గుర్తింపు కార్డులున్న విలేకరుల్ల దళితుడు ఒక్కడన్న ఉన్నడా అని బి.ఎన్. ఉనియాల్ 1996ల వెతికితే ఒక్క పేరు దొరకలె. ఇవేవీ ఏ చట్టం కింద జరగలేదు. నా సంగతే చెప్త. ఒక వారపత్రికకు కథ పంపితే 'పెద్దకూర' అన్న మాట కొట్టేసి 'మాంసాహారం' అని అచ్చేసిండ్రు. మా అవ్వ బతికినన్ని రోజులు మాంసాహారం వండలె. ఆమె వండింది పెద్దకూర. ఇది ఏ సెక్షనో ఎవరన్న చెప్తరా?

అట్లయితే సర్కారు సెన్సారు మనకు పట్టని సంగతేనా? కాదంటున్న. వరంగల్లుల ఉండి ఆ మాట అనుడు చాతకాదు. 1966ల ఇక్కడ మొదలైన 'సృజన' సంచికలను నిషేధించిండ్రు, కేసులు పెట్టిండ్రు. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చినంక అధికారి చూడంది పేపర్ల అక్షరం పడలె. ఇక 2014 సెప్టెంబర్ 9 సంగతి. కాళోజీ శతజయంతి. నిజాం కాలంల జైలుకు పోయిన మనిషి పండుగ నాడు, ఆ మనిషి ఊళ్లె, తెలంగాణను అవమానిస్తే పది కిలోమీటర్ల లోతుల పాతరేస్తమని ముఖ్యమంత్రి మీడియాను బెదిరించిండు. చానళ్లు తెరవమని నిలబడ్డ ఆడ జర్నలిస్టులను పోలీసులు పట్టుకపోయిండ్రు. కాళోజీ ఉంటే ఏమనెటోడో నేను చెప్పనక్కర లేదు.

అవమానం నిజమే కావచ్చు. మన యాసను, మన కల్లును ఎక్కిరిచ్చుడు పాత రోగం. కానీ అవమానానికి మందు నిషేధమైతే, ఆ మందు ఎవలి చేతుల ఉంటది? అవమానపడ్డోని చేతుల ఉండదు, అధికారమున్నోని చేతుల ఉంటది. 1987ల మహారాష్ట్ర సర్కారు అచ్చేసిన అంబేడ్కర్ సంపుటంల 'హిందూమత చిక్కుముడులు' చూసి కొందరికి మనసు నొచ్చింది. సర్కారు ఎనుకకు తగ్గింది. బొంబాయి వీధుల్లకు దళితులు వేలకు వేలు వచ్చినంకనే, ఈ అభిప్రాయాలు మావి కావని కింద ఒక మాట చేర్చి మళ్ల ఇచ్చిండ్రు. రాజ్యాంగం రాసినాయనకే ఈ గతి. 2017ల మా జిల్లాల పుట్టిన కంచ ఐలయ్య పుస్తకం నిషేధించాలని సుప్రీంకోర్టుకు పోయిండ్రు, పరకాలల ఆయన కారు మీద పడ్డరు. అక్టోబర్ 13న కోర్టు నిషేధించనన్నది. నొప్పి పేరు మీద తెచ్చిన కత్తి తిరిగి తిరిగి మన మెడ మీదికే వస్తున్నది.

అయితే ఇది నా దిక్కు కూడా పారుతది. కులం మీద రిజర్వేషన్లు తప్పని చెప్పే తమిళ సినిమా 'ఒరే ఒరు గ్రామత్తిలే' సర్టిఫికెట్‌ను మద్రాసు హైకోర్టు రద్దు చేస్తే, 1989 మార్చి 30న సుప్రీంకోర్టు మళ్ల ఇచ్చింది. ఆ సినిమా వాదన నాకు కడుపుల మంట. అయినా ఆపమని అడగను. వాదనకు వాదన చెప్పుకుంట. నలుగుర్ల కులం పేరు పెట్టి తిట్టుడు మాత్రం వేరే. అది అభిప్రాయం కాదు, చెంపదెబ్బ. దానికి 1989ల చట్టం ఒకటి తెచ్చుకున్నం. అడ్డుకోవలసింది దెబ్బను. ఈ రెంటిని కలగలిపేటోళ్లు రెండు దిక్కులా ఉన్నరు.

చిన్నవ్వ లెక్క తప్పని నేననను, సగమే అంటున్న. కోట్లు పెట్టిన చానల్‌కు వకీళ్లుంటరు, ఢిల్లీదాకా పోతరు, ఇయ్యాల కాకుంటె రేపు తెరిపిచ్చుకుంటరు. నాలుగు పేజీల మన చిన్న పత్రికను ఎస్సై ఎత్తుకపోతే ఆ సంగతి రాసేటోడు కూడ ఉండడు.

బందు పెట్టిన చానళ్లు తర్వాత మళ్ల వచ్చినయి. అటెన్క ఒక రాత్రి ఏదో ఒక చానల్ల, పేరెందుకు, పత్రికా స్వేచ్ఛ మీద గంటసేపు చర్చ నడిచింది. కూసున్న నలుగుర్ల మా వాడ దిక్కుటోడు ఒక్కడు లేడు. ఎందుకు లేడని అడుగుతూ కార్డు రాసి పోస్టుల ఏసిన.