సీతమ్మ అడిగిన చెట్ల పేర్లు

దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది. నాటి నుంచీ దాని కేంద్ర కార్యాలయం సికింద్రాబాదే. మెట్టుగూడ, చిలకలగూడ, లాలాగూడల్లోని రైల్వే కుటుంబాలను అడిగితే ఒకటే మాట చెబుతారు. భర్త నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి భార్య టిఫిన్ బాక్సు సర్దుకుని ఆఫీసుకు బయల్దేరుతుంది. ఆమెకు సెలవున్న ఆదివారం ఆయన ఏ కాజీపేటలోనో, రైలు సిబ్బంది విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూమ్‌లో ఉంటాడు. ఇద్దరికీ కలిసొచ్చే సాయంత్రాలు అరుదు. ఆ కాస్తా ఒకే సోఫాలో చెరో ఫోన్ పట్టుకుని గడిచిపోతుంటే మనసు కలుక్కుమంటుంది.

అలాంటి సాయంత్రం ఆలుమగలు చెప్పుకునే సరదా కబుర్లకూ భక్తికీ ఏం సంబంధమని కొందరు అడుగుతారు. మన ఆలయాలు అలా అనుకోలేదు. స్వామికి కల్యాణం చేసి అంతటితో ఊరుకోలేదు. డోలోత్సవంలో దేవేరులతో కలిపి ఊయలూపాయి, వసంతోత్సవం జరిపాయి, రాత్రి పవ్వళింపు సేవ చేశాయి. భద్రాచలంలో ముక్కోటి ఏకాదశి ముందురోజు సాయంత్రం సీతారాములు హంస వాహనంపై గోదావరిలో విహరిస్తారు. ఒడ్డున నిలబడి దండం పెట్టే మనం ఆ విహారాన్నీ పూజగానే చూస్తున్నాం కదా.

వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో యమున దాటిన తర్వాతి ఘట్టం నాకెంతో ఇష్టం. రాజ్యం పోయింది, తండ్రి మాట కోసం అడవి బాట పట్టారు. ఆ నడకలో సీతమ్మ తానెన్నడూ చూడని చెట్టు, తీగ, పువ్వు కనిపించినప్పుడల్లా అదేమిటని రాముణ్ణి అడుగుతుంది. ఆమె మనసు పడిన పూలను లక్ష్మణుడు తెచ్చిస్తాడు. తర్వాత చిత్రకూటంలో రాముడు ఆమెకు కొండనూ మందాకినీ నదినీ తీరిగ్గా చూపిస్తాడు. ఈ నదినే సరయువనుకో, ఈ కొండనే అయోధ్య అనుకో అంటాడు. చెలికత్తెతో ఆడినట్టు ఈ నీళ్లలో దిగి ఆడుకోమంటాడు. ఆమె ఆసక్తి ఎటు పోతే ఆయన చూపూ అటే వెళ్లింది.

ఆ చూపు కరువైతే ఏమవుతుందో నేటి పరిశోధనా చెబుతుంది. అమెరికాలో డ్వేన్ క్రాఫర్డ్, టెడ్ హస్టన్ తదితర పరిశోధకులు దంపతుల తీరిక వేళలను ఏళ్ల తరబడి పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించారు. భర్తకు ఇష్టమై భార్యకు ఇష్టం లేని వ్యాపకాలు ఎంత ఎక్కువైతే భార్యల్లో అసంతృప్తి అంత పెరిగిందని వారు గమనించారు. వాటిలో ఆమెను వెంటబెట్టుకుని చేసినవీ ఉన్నాయి. కాబట్టి పక్కన కూర్చోబెట్టుకున్నంత మాత్రాన చాలదు. ఆయన మిత్రుల విందులో ఓ మూల మౌనంగా కూర్చున్న ఇల్లాలిని మనమంతా చూసినవాళ్లమే.

ఇష్టాలు కలిసిన ఆటలోనూ అలకలు తప్పవు. స్కాంద పురాణంలో పార్వతీ పరమేశ్వరులు పాచికలాడతారు. శివుడు ఓడి, అలిగి అడవికి వెళ్లిపోతాడు. అమ్మవారు శబరకాంత వేషంలో వెళ్లి వెనక్కి తీసుకొస్తుంది. ఆది దంపతులకే అలక వచ్చినప్పుడు మనకు రాకుండా ఉంటుందా?

నైట్ డ్యూటీ దిగి పడుకున్న మనిషి మధ్యాహ్నం నాలుగింటికి లేస్తాడు. ఆ రోజు ఆమెకు సెలవైతే, ఆయనకు మళ్లీ డ్యూటీ కాల్ వచ్చేలోగా ఓ రెండు గంటలు ఇద్దరివీ. సంజీవయ్య పార్కుకా, స్టేషన్ దగ్గరి గణపతి గుడికా, ఇంట్లోనే పచ్చీసా? ఈసారి ఆమెను చెప్పనివ్వండి.