చేయించుకోవడం

“ఒకళ్ళ చేత చేయించుకోకుండా పోతే చాలు.” మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు కాస్త వయసు మళ్ళగానే మొదలుపెట్టే ప్రార్థన ఇది. మా అమ్మ అనేది. మా అత్తగారు మంచం పట్టి రెండేళ్ళు నా చేత చేయించుకున్నన్నాళ్ళూ రోజూ అనేవారు. మగవాళ్ళు ఈ మాట ఇంత తరచుగా అనగా నేను వినలేదు. పుట్టినప్పట్నుంచీ చేయించుకుంటూనే ఉన్నవాళ్ళకి అందులో కొత్తగా భయపడాల్సిందేముంది? జీవితమంతా చేసిన మనిషికే చేయించుకోవడం అవమానంగా తోస్తుంది. అది నిజంగానే అంత సిగ్గుచేటైతే, ఇన్నేళ్ళూ మనం చేసిందేమిటి? అవతలివాళ్ళ సిగ్గుని మొయ్యడమా?

ఈ ప్రశ్న నన్ను వదలకుండా పట్టుకున్నది 2022 డిసెంబరులో, అమెరికాలో బఫెలో ఊరి శివార్లలో. కుడి మోకీలు మార్పిడి జరిగి అప్పటికి తొమ్మిది రోజులు. 23వ తేదీన మొదలైన మంచు తుఫాను ఆగేసరికి విమానాశ్రయం దగ్గర 50 అంగుళాలకు పైగా మంచు పడింది. కార్లు నడపకూడదని నిషేధం పెట్టారు. చాలాచోట్ల అంబులెన్సులు కూడా కదల్లేకపోయాయి. ఒక్క ఈరీ కౌంటీలోనే పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. వారానికి మూడుసార్లు ఇంటికొచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు రాలేకపోయింది. పిల్లలు దూరాన ఉన్నారు. ఇంట్లో మా ఆయనా, నేనూ, నా వాకరూ.

మోకీలు మార్చాక మొదటి వారాలు చాలా ముఖ్యం. నొప్పికి జడిసి కాలు కదపకుండా ఉంటే లోపల పుండు మానుతూ మానుతూ బిగుసుకుపోతుంది. తర్వాత మత్తిచ్చి బలవంతాన వంచాల్సి రావచ్చు. అందుకని రోజుకి మూడుసార్లు మంచమ్మీద పడుకుని మడమ ఈడ్చుకుంటూ మోకాలు వంచాలి, తొడ కండరం బిగించి పట్టాలి, రక్తం గడ్డకట్టకుండా పాదాలు ఆడిస్తూ ఉండాలి. బిగుతు మేజోళ్ళు వేసుకోవాలి. అవి వేసుకోవడం నా వల్లయ్యే పని కాదు. మా ఆయన నా పాదం ఒళ్ళో పెట్టుకుని తొడిగేవారు. మొదటి రోజు నేను కాలు వెనక్కి లాక్కున్నాను. మొగుడి చేత కాళ్ళు పట్టించుకుంటే పాపమని ముప్ఫయ్యేళ్ళు స్త్రీవాదం చదివిన బుర్రలో కూడా ఎక్కడో ఉంటుంది.

నిజానికి ఈ ఆపరేషన్ నాకు ఏడేళ్ళ ముందే కావాల్సి ఉంది. ఓర్చుకున్నానని అందరూ మెచ్చుకున్నారు. ఓర్పంతా మనదే అనుకోనక్కర్లేదు, మన ఖాతాలో రాసిపెట్టేవాళ్ళూ ఉంటారు. కెనడాలో 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో ఒకే తీవ్రతతో మోకాళ్ళ నొప్పులున్న ఒక మగమనిషినీ, ఒక స్త్రీనీ 71 మంది డాక్టర్ల దగ్గరికి పంపారు. మగమనిషికి మోకీలు మార్చాలని 67 శాతం మంది చెప్పారు. స్త్రీకి అలా చెప్పినవాళ్ళు 33 శాతం.

మంచులో చిక్కుకుపోయిన ఆ రోజుల్లో ఫోన్లు మాత్రం బాగా వచ్చాయి. “ఎంత అదృష్టవంతురాలివే అక్కా, బావగారు అంత చేస్తున్నారు!” అంది చెల్లెలు. మా అత్తగారిని అదృష్టవంతురాలని ఎవరూ అనలేదు. కోడలన్నాక ఆ మాత్రం చెయ్యాలిగా అన్నారు. ఈ తేడా నన్ను గుచ్చింది. కృతజ్ఞురాలిగా ఉండాలా, నా బాకీ వసూలవుతోందనుకోవాలా? మొదట బాకీ లెక్కే వేశాను. కానీ ఆ లెక్క నిలవలేదు. నేను చేసింది ఆయన తల్లికి. ఆవిడ ఋణం నా కాళ్ళకి చెల్లుబాటవడం ఏ న్యాయం? పైగా ఎవరికీ ఏమీ చెయ్యలేని స్థితిలో పుట్టి, అలాగే ఉండిపోయిన మనిషికి ఈ లెక్క ప్రకారం ఏమీ రాకూడదు.

తీవ్రమైన మానసిక వైకల్యం ఉన్న కూతుర్ని పెంచిన తత్వవేత్త ఈవా ఫెడర్ కిట్టే 1999లో రాసిన ‘లవ్స్ లేబర్’ పుస్తకం సరిగ్గా ఇక్కడే పనికొచ్చింది. బిడ్డని చూసుకునే బాలింతని చూసుకోవడానికి ఇంకో మనిషి ఉంటుంది. ఆ మనిషి పేరు మీదుగానే కిట్టే తన సూత్రానికి ‘డూలియా’ అని పేరు పెట్టింది. చేసినదానికి బదులు బిడ్డ తీర్చదు, చేస్తున్నవాళ్ళకి మరొకళ్ళు చేస్తారు. దీన్ని మనం పురుడు పొయ్యడం అంటాం. పుట్టిల్లు చేసేది అదే. ఆ పనినే తల్లీకూతుళ్ళ వరకే పరిమితం చెయ్యకుండా సమాజమంతటికీ న్యాయసూత్రంగా చెప్పింది కిట్టే. పురిటి మంచం మీద ఏ ఆడపిల్లా “అమ్మా, నీ చేత చేయించుకుంటున్నానే” అని కుమిలిపోదు. ఆ సిగ్గులేనితనం తర్వాత ఎక్కడ పోగొట్టుకుంటామో!

మూడో రాత్రి మా ఆయన నా మీద జాలితో మోకాలి కింద మెత్తటి దిండు పెట్టారు. ప్రాణం లేచొచ్చింది. కానీ అది పెట్టకూడదు, కాలు వంగి ఉండిపోతుంది. తీసెయ్యమన్నాను. ఆయన చిన్నబుచ్చుకున్నారు. ప్రేమతోనే కదా పెట్టింది! సేవకి ప్రేమ చాలదు, తెలివిడి కావాలి. మంచంలో మనిషిని పుండు పడకుండా ఒత్తిగిలించడం ఎలాగో నేను మా అత్తగారి దగ్గర ఏడాది పట్టి నేర్చుకున్నాను. దాన్ని నా మంచితనం అన్నారు తప్ప, నాకొచ్చిన విద్య అని ఒక్కరూ అనలేదు. మా ఆయన మర్నాడు నన్నే అడిగి, చెయ్యకూడనివన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అతికించారు. మేజోళ్ళు తొడిగినప్పటికన్నా ఆ కాగితం చూసినప్పుడు నాకు ఎక్కువ బాగనిపించింది. ఇక వంచడమంటారా, అది నా పనే. ఆయన మడమ కింద చెయ్యి పెట్టి లెక్కపెట్టగలరు, నొప్పి పడేది నేనే. పరాధీనతా, స్వశక్తీ అని మనం రెండు వేరు వేరు అరల్లో పెట్టుకున్నవి ఆ మంచమ్మీద ఒకే కాలిలో ఉన్నాయి.

రోడ్లు తెరిచాక థెరపిస్టు వచ్చింది. కోణమాని లాంటి కొలబద్దతో కొలిచి 88 డిగ్రీలంది. తొంభై కావాలి, పర్వాలేదంది. తుఫానులో పనినుంచి ఇంటికెళ్తూ కారులోనే చిక్కుకుని చనిపోయిన వాళ్ళలో ఒక నర్సింగ్ సహాయకురాలు కూడా ఉందని పేపర్లో చదివాను. ఆ మాట ఎత్తితే ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, తమకి వెళ్ళిన ఇంటికింత అని డబ్బిస్తారనీ, రాలేకపోయిన రోజులకి ఏమీ రాదనీ చెప్పింది. అది విన్నాక, ఆ రోజుల డబ్బు మనమే ఇవ్వాలన్నాను నేను. అది వాళ్ళ కంపెనీ చూసుకోవాల్సిన సంగతన్నారు మా ఆయన. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు, కంపెనీ చెయ్యాల్సింది నేను దానంగా చేస్తే ఆవిడ హక్కు నా దయ అయిపోతుంది. మేజోళ్ళు తొడుగుతూ ఆయనా, తొడిగించుకుంటూ నేనూ రెండ్రోజులు వాదించుకున్నాం. ఇంకా తెగలేదు.