లేని తలుపు, ఉన్న పిడి

ఫ్రెంచి దర్శకుడు జాక్ తాతి పారిస్ శివార్లలో ఏకంగా ఓ నగరాన్నే సెట్టుగా కట్టించి, 70 ఎం.ఎం.లో తీసిన హాస్యచిత్రం ‘ప్లేటైమ్’. 1967లో విడుదలైంది. పాపం, ఆ ఖర్చుకు అప్పులపాలయ్యాడు.

అందులో కొత్త రెస్టారెంటు గాజు తలుపు భళ్ళున పగిలిపోతుంది. గుమ్మం దగ్గరి మనిషి మిగిలిన పిడిని చేత్తో పట్టుకుని, లేని తలుపును తెరుస్తూ మూస్తూనే ఉంటాడు. వచ్చేవాళ్ళు హుందాగా లోపలికి నడుస్తారు! డిస్కులో ఆ పిడినే వెనక్కి తిప్పి తిప్పి చూసి నవ్వుకున్నాను. పెద్ద తెర మీద మాత్రం రెండు కళ్ళూ చాల్లేదు. తాతి దేన్నీ దగ్గరగా చూపించడు, వెతుక్కోమంటాడు. ఒకే చేపకు వెయిటర్లు ఒకరి తరవాత ఒకరు వచ్చి మసాలా దట్టించి పోతుంటే, నా వెనక వరుసలో ఎవరో నాకన్నా ముందే నవ్వారు.