తాడు పట్టినవాడు

ప్యాపిలి పల్లెల్లో తలారి అంటే ఊరి కావలివాడు. దండోరా వేసేవాడు, శిస్తు వసూళ్లప్పుడు రెడ్డి, కరణాల వెంట తిరిగేవాడు. కొందరికి అదే ఇంటిపేరు. ఆ మాట రాజుల కథల్లోకి, జానపద సినిమాల్లోకి పోయేసరికి గుబురు మీసాలు, నల్లబట్టలు, చేతిలో గండ్రగొడ్డలి వచ్చిపడ్డాయి. ‘ఎవరక్కడ!’ అని అరిచేది రాజు, చెడ్డపేరు తలారిది. ఊరి నౌకర్లలో కింది మెట్టున ఉన్నవాడికే ఆ పేరు అంటుకోవడం ఊరికే జరిగిందనుకోను. ఆ కథలు సింహాసనం పక్కన నిలబడి చెప్పినవి.

చెడ్డపేరును తలారికి అంటగట్టే ఈ విద్యలో లండన్ జనం మనకంటే ఘనులు. 1686లో చనిపోయిన తలారి జాక్ కెచ్ పేరును తర్వాతి తలారులందరికీ తగిలించారు. అంతకు చాలా ముందటి తలారి డెరిక్. వాడి పేరు బరువులెత్తే యంత్రానికి పోయింది. చమురు బావుల మీద నిలబడే డెరిక్ వాడే! లండన్ ఉరికంబాల చోటు టైబర్న్‌లో ఉరి పడటాన్ని కాళ్లకింద నేల లేని ఆట అనేవాళ్లు. అక్కడ ఉరంటే తిరునాళ్ల. వేలాడేది చాలాసార్లు ముక్కూమొహం తెలియని దొంగ, కాబట్టి వెటకారం సులువు.

కోయిలకుంట్ల ఇప్పుడు మా నంద్యాల జిల్లాలోదే. 1847 ఫిబ్రవరి 22న, కుంఫిణీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని అక్కడ జనం చూస్తుండగా ఉరి తీశారు. తలను 1877 దాకా కోటకు వేలాడదీసి ఉంచారు. చూసి భయపడమని కుంఫిణీ ఉద్దేశం. ముప్పై ఏళ్లు! ఆ తల చూస్తూ పెరిగిన పిల్లలు పిల్లల్ని కన్నారు. అయినా రేనాడులో ఆ ఉరి చుట్టూ పుట్టింది పాట, పరాచికం కాదు. వేలాడినవాడు మనవాడైతే నోట్లోంచి వెటకారం రాదు. కలెక్టర్ కాక్రేన్ పేరు నేటికీ చెప్పుకుంటారు. ఆ పూట తాడు బిగించినవాణ్ణి తిట్టడానికైనా ఎవరూ తలవరు. రేనాటివాళ్లు కోపాన్ని సరైన చిరునామాకే పంపారనిపిస్తుంది.

1975 డిసెంబరు 1న, ఎమర్జెన్సీలో, ముషీరాబాదు జైల్లో నక్సలైట్ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీశారు. గోడల లోపలి పని, చూసే జనం లేరు. ఇప్పటి పత్రికల భాషలోనైతే ఉరిశిక్ష ‘అమలవుతుంది’. పింఛను పథకమూ అమలవుతుంది, మద్యం పాలసీ కూడా. జాక్ కెచ్‌ను జనం రాళ్లతో కొట్టాలనుకుంటే ఎదురుగా ఒక మొహం ఉండేది. ‘అమలైంది’ అన్న వాక్యంలో రాజూ లేడు, తలారీ లేడు.