గురువు పెట్టిన పేరు

ధ్యాన భాగములు: యోహాను 1:40–42, మత్తయి 16:21–17:1, యోహాను 13:12–15



పిల్లవానికి తలిదండ్రులు ఒక పేరు పెట్టుదురు. బడిలో ఉపాధ్యాయుడు తనకు తెలియకయే మరియొక పేరు పెట్టును. మొదటిది హాజరుపట్టీలో నుండును. రెండవది తోటిపిల్లల నోట నుండును. ఈ రెండవ పేరునుగూర్చి ఈ మాసము మనము కొంచెము ఆలోచింతము.

మేము చేసిన తప్పు నొకదానిని దాచక చెప్పుచున్నాము. కొన్ని యేండ్ల క్రిందట మా ఆదివారపు బడిలో పదేండ్ల పిల్లవాడొకడు మూడు వారములు వరుసగా కంఠతవాక్యము అప్పగింపలేకపోయెను. మూడవ వారము మాకు ఓర్పు తప్పినది. అందరి యెదుట వానిని నిలువబెట్టి, "నువ్వు వట్టి మొద్దువురా" అంటిమి. పిల్లలు నవ్విరి. ఆ నవ్వును మేము ఆపలేదు. నాటినుండి వీధిలో వాని పేరు మొద్దు అయ్యెను. మరుసటి ఆదివారము వాడు రాలేదు. ఆ పైవారమును రాలేదు.

ఇంటికి పోయి వాని అవ్వను అడిగితిమి. ఆమె ఇట్లనెను: "సంక్రాంతి పోయినాక మేమంతా గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేదానికి పోతాం గదా అయ్యగారూ. వాడూ మాతోనే. అన్ని నెలలు బడి ల్యాదు. పుస్తకం చూసి చదివేదే రాదు వానికి. ఇంటికాడ చెప్పేదెవరు?"

మేము సిగ్గుపడితిమి. వాడు వాక్యము నేర్వలేదని కోపించితిమి గాని, వానికి చదువ వచ్చునో రాదో ఒక్కనాడైన అడిగియుండలేదు.

దండము దశగుణమని పెద్దలందురు. మొక్కై వంగనిది మానై వంగునా అనియు అందురు. క్రమశిక్షణ వలదని మేము చెప్పుట లేదు. అయితే మొక్కను వంచువాని చేయి మెత్తగా నుండవలెను. విరిగిన మొక్క వంగదు. భయపడిన పిల్లవాడు పాఠము నేర్వడు, తనకు తెలియనిదానిని దాచుట నేర్చును. రోగి తన పుండును వైద్యునికి చూపకున్న మందు వేయుట యెట్లు?

2010 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్న విద్యాహక్కు చట్టము తన 17వ సెక్షనులో బడిపిల్లలను కొట్టుటను, వారి మనస్సును వేధించుటను కూడ నిషేధించినది. అది మంచిదే. గాని బెత్తమును కనిపెట్టుట సులువు, నాలుకను కనిపెట్టుట కష్టము. ఆదివారపు బడిలో మా నాలుకను పట్టుకొనువారెవరు? ప్రభువే పట్టుకొనవలెను.

ఆయన కూడ తన శిష్యునికి ఒక పేరు పెట్టెను. సీమోను తొందరపడువాడు, తొట్రుపడువాడు. అట్టివానిని చూచి ప్రభువు రాయి అను అర్థము గల కేఫా అను పేరిచ్చెను. ఉన్న బలహీనతను బట్టి కాక, కాబోవు స్థితిని బట్టి పిలిచెను. మరి ఆయన పేతురును గద్దింపలేదా? మిక్కిలి కఠినముగా గద్దించెను. అయితే ఆరు దినములైన తరువాత కొండమీదికి తనతో కొనిపోయిన ముగ్గురిలో ఆ పేతురును ఒకడు. గద్దింపు ఆనాటితో తీరెను. పేతురను పేరు నిలిచెను. మా గద్దింపో, పిల్లవానికి పేరై నిలిచినది. ఇదియే భేదము.

అందరి యెదుట చేసిన గాయమును చాటున మాన్పలేమని తోచి, పిల్లలందరి యెదుట వానిని క్షమాపణ వేడుకొందుమని సంఘములో చెప్పితిమి. ఒక పెద్ద మమ్మును ప్రక్కకు పిలిచి, "చిన్నపిల్లోని ముందర అయ్యగారే తల వంచితే రేపు మాట ఎవరు వింటారు?" అనెను. న్యాయమైన ప్రశ్నయే. కాని శిష్యుల పాదములు కడిగిన రాత్రి ప్రభువు తాను బోధకుడను కానని చెప్పలేదు. బోధకుడనే అని చెప్పియే ఆ మాదిరి చూపెను. తువాలు కట్టుకొనినందున ఆయన గౌరవము తగ్గలేదు. తప్పు ఒప్పుకొనని గురువు పిల్లలకు నేర్పునది తప్పును దాచుటయే గదా.

వాని యింటికి మరల పోయి, బ్రతిమాలి తీసికొనివచ్చి, అట్లే చేసితిమి. పిల్లలందరు ఆ పేరును ఒక్కనాడే మానలేదు. కొందరు నేటికిని మానలేదు. మాట విడుచుట మా చేతిలో నుండెను, దానిని తిరిగి తెచ్చుకొనుట లేదు. వాడు చాల వారములు వెనుక వరుసలో మౌనముగా కూర్చుండెను. ఒక ఆదివారము బడి విడిచిన పిమ్మట పుస్తకము తెచ్చి, ఒక ఒత్తు మీద వ్రేలు పెట్టి, "అయ్యగారూ, ఇది ఏం అక్షరం?" అని అడిగెను. కంఠత వాక్యములు అప్పగించిన పిల్లలను ఎందరినో చూచితిమి గాని, ఆ ప్రశ్న మాకు కలిగించిన సంతోషము వేరు. తనకు రానిదానిని మా యెదుట దాచనక్కర లేదని వాడు ఆనాడు నమ్మెను.

ఉపాధ్యాయులారా, తలిదండ్రులారా, ఈ వారము మీ యెదుటనున్న పిల్లలలో ఎవనికైనను మీ నోటనుండి అట్టి పేరు అంటుకొనెనేమో పరీక్షించుకొనుడి. అంటుకొనినయెడల ఆలస్యము చేయక వానియొద్దకు పొండి. పేరుపెట్టి పిలుచు మంచి కాపరి మన నాలుకలను కాచును గాక. ఆమేన్.